తామర పాఠం మార్చింది - మన వైద్యం ఎప్పుడు మార్చుకుంటుంది?

చదవండి! చదివించండి! మీ డాక్టరు గారి బల్ల మీద ఒక కాపీ పెట్టి రండి!

చర్మవ్యాధులతో బాధపడుతున్న అన్నలారా, అక్కలారా! చర్మవైద్య మిత్రులారా! మందుల షాపులు నడిపే సోదరులారా!

గజ్జల్లో దురద. నడుం చుట్టూ గుండ్రటి మచ్చలు. పగలు నలుగురిలో గోక్కోలేక, రాత్రి నిద్ర పట్టక నలిగిపోయే మనిషి లేని వీధి ఇవాళ మన ఊళ్లలో లేదు. ఇంజను వేడి పక్కన రోజంతా కూర్చునే బస్సు డ్రైవరు, తడి బట్టలతోనే మడిలో నాట్లు వేసే కూలి తల్లి, హాస్టల్లో ఒకే తువ్వాలు నలుగురు వాడుకునే కుర్రాళ్లు, వంటింటి చెమటలో మగ్గే ఇల్లాలు... ఎవరిని కదిపినా ఒకటే మాట: "పూసినన్నాళ్లు పోతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది."

"తామరే కదా" అని తీసిపారేసే రోజులు పోయాయి. ఒకప్పుడు రెండు వారాల బిళ్లలకు లొంగిన తామర ఇప్పుడు నెలల తరబడి వదలడం లేదు. భర్త నుంచి భార్యకు, తల్లి నుంచి చంటిబిడ్డకు పాకుతోంది. బిడ్డ బుగ్గ మీద కూడా వలయాలు తేలుతున్నాయి. కూలి డబ్బులు ట్యూబులకు పోతున్నాయి.

తప్పు రోగిది కాదు. ఒంటి శుభ్రం లేకపోవడం ఒక్కటే కారణమూ కాదు. రోగం మారింది. మందు వాడే తీరు మారలేదు. మారిన సంగతి చెప్పాల్సిన చదువు చాలామంది డాక్టర్ల దాకా చేరలేదు. ఆ చదువు కోసమే ఈ కరపత్రం.

■ తామర ఎలా మారింది?

గత పదేళ్లకు పైగా మన దేశమంతటా మొండి తామర చెలరేగుతోంది. దీని వెనక ఉన్న ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది! 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లో ఇద్దరు రోగుల్లో ఇది కనిపించిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. మన వీధిలో తిరిగే తామర ఇవాళ ప్రపంచమంతా తిరుగుతోంది.

తామరకు ప్రధానమైన బిళ్ల టెర్బినాఫిన్. ఫంగస్ తన కణం చుట్టూ పొర కట్టుకోవడానికి ఒక ఎంజైము కావాలి. టెర్బినాఫిన్ వెళ్లి ఆ ఎంజైమును పట్టేస్తుంది. పొర కట్టడం ఆగుతుంది, ఫంగస్ చస్తుంది. ఈ కొత్త రకం ఫంగసుల్లో చాలావాటికి ఆ ఎంజైమును తయారుచేసే జన్యువే మారిపోయింది. మందుకు పట్టు దొరకదు. రోగి క్రమం తప్పక బిళ్లలు మింగుతూనే ఉంటాడు, మచ్చ పెరుగుతూనే ఉంటుంది. "నువ్వు సరిగా వాడలేదు" అని డాక్టరు కసురుకుంటాడు. పాపం, రోగి సరిగానే వాడాడు!

■ ట్యూబులో ఏముంది?

మందుల షాపులో "తామరకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతికొచ్చే ట్యూబును ఒక్కసారి తిప్పి చదవండి. చీమ తలకాయంత అక్షరాల్లో మూడు నాలుగు పేర్లుంటాయి. ఫంగస్‌కు ఒక మందు, బాక్టీరియాకు ఒకటి, ఇంకోదానికి ఇంకొకటి. వాటి మధ్య క్లోబెటసాల్ అనో, బెక్లోమెథసోన్ అనో ఉంటుంది. అదే స్టెరాయిడ్. క్లోబెటసాల్ అయితే పూత స్టెరాయిడ్లలో అత్యంత ఘాటైన తరగతిది. అవసరమైన రోగానికి కూడా దాన్ని ఏకబిగిన రెండు వారాలు మించి వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన సూచనల్లోనే ఉంది. మనవాళ్లు గజ్జల్లో ఏడాది పొడుగునా పూస్తున్నారు.

పూసిన రాత్రికే దురద తగ్గుతుంది, ఎరుపు చల్లారుతుంది. "అబ్బ, ఎంత మంచి మందు!" అనిపిస్తుంది. అది నివురు కప్పిన నిప్పు. స్టెరాయిడ్ చేసేది మన ఒంటి పోరాటాన్ని అణచడం. అడ్డు లేని ఫంగస్ లోపల్లోపల పాకుతుంది. ట్యూబు ఆపిన వారానికి వలయం లోపల మరో వలయంతో రెట్టింపై తిరిగొస్తుంది. తొడల సందుల్లో చర్మం పల్చబడి, ఎర్రటి చారలుగా చిట్లుతుంది. ఆ చారలు జన్మలో పోవు.

ముఖం సంగతి ఇంకా ఘోరం. మంగు మచ్చలకనీ, తెల్లబడటానికనీ బ్యూటీ పార్లర్లలో, షాపుల్లో ఇచ్చే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటోంది. మొదట ముఖం నిగనిగలాడుతుంది. నెలలు గడిచాక మొటిమలు, ఎర్రటి సన్నని నరాలు, ఎండలోకి వెళ్తే మంట, ఆడవాళ్లకు గడ్డం మీద వెంట్రుకలు. క్రీము మానితే భగ్గుమంటుంది కాబట్టి మానలేరు. మన దేశపు చర్మవైద్యులు ఈ దుస్థితికి వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా పేరే పెట్టాల్సి వచ్చింది: టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్.

ఒక్క మాట స్పష్టంగా చెబుతున్నాం. స్టెరాయిడ్ మన శత్రువు కాదు. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు, బొల్లికి సరైన చోట, సరైన మోతాదులో, సరైన గడువు వరకు అది దివ్యౌషధం. తామర మీద పూసినా, తెల్లబడటానికని ముఖానికి పూసినా విషం. ఆ తేడా తెలిసినవాడు రాయాలి, తెలియనివాడు అమ్మకూడదు.

చట్టం లేదా? ఉంది. చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి మొత్తుకోగా, 2018 మార్చిలో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. అదే ఏడాది సెప్టెంబరులో అర్థంపర్థంలేని 328 మిశ్రమ మందులను నిషేధించింది. చట్టం గెజిట్‌లో ఉంది, ట్యూబు మాత్రం ఇప్పటికీ కౌంటరు మీదే ఉంది.

■ డాక్టరు చదువు ఎక్కడ ఆగింది?

ఎంబీబీఎస్‌లో చర్మవ్యాధులకు దక్కేది కొద్ది వారాలే. ఎండీ చేసినవారు మూడేళ్లు చదువుతారు, నిజమే. కానీ 2005లో పట్టా పుచ్చుకున్న డాక్టరు చదివిన పుస్తకంలో 2020లో పేరు పెట్టిన ఫంగస్ ఉండదు గదా! పట్టా నాటితోనే చదువు ఆగితే, ఆ డాక్టరు ఇవాళ్టి రోగానికి నిన్నటి మందు రాస్తున్నట్టే.

ఒక్క తామరే కాదు. బొల్లికి పూసే రుక్సోలిటినిబ్ క్రీముకు, పేనుకొరుకుడుకు మింగే బారిసిటినిబ్ బిళ్లకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. ఈ కోవ బిళ్లలు రోగనిరోధక శక్తి మీద పనిచేస్తాయి. క్షయ ఇంటింటా పొంచి ఉన్న మన దేశంలో ముందు టీబీ పరీక్ష చేయకుండా రాస్తే ఏమవుతుంది? కొత్త మందు పేరు తెలిస్తే చాలదు, దాని ప్రమాదమూ తెలియాలి. పేరు మోసుకొచ్చేది కంపెనీ ప్రతినిధి. ప్రమాదం నేర్పాల్సింది చదువు.

ఇంకో సంగతి. చర్మవ్యాధుల పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లవాళ్ల ఒంటివి. అక్కడ "ఎర్రటి మచ్చ" అని రాసినది మన చామనఛాయ మీద ఊదాగా, బూడిదగా, ఒక్కోసారి నల్లగా కనిపిస్తుంది. లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్యవిద్యార్థి ఈ లోటు చూసి, నల్లని చర్మంపై రోగాలు ఎలా కనబడతాయో చూపే పుస్తకాన్ని తన అధ్యాపకులతో కలిసి 2020లో తెచ్చాడు. ఒక విద్యార్థి చేయగలిగిన పని మన వైద్య కళాశాలలన్నీ కలిసి మన ఒంటిరంగుకు చేయలేవా?

■ పాఠం మార్చుకున్న చరిత్ర మనదే!

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని తలుచుకోండి. నూరేళ్ల కిందట ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు అక్కడ కుష్ఠురోగులను చేరదీసి చాల్మూగ్రా నూనె సూదులతో వైద్యం చేసింది. అప్పటికి ఉన్న చదువు అదే. తర్వాత డాప్సోన్ వచ్చింది, నూనె పక్కకు పోయింది. డాప్సోన్‌కు సూక్ష్మజీవి లొంగడం మానేసరికి 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపిన ఎండీటీని ముందుకు తెచ్చింది. అవసరమైనప్పుడల్లా కుష్ఠు వైద్యులు పాఠం మార్చుకున్నారు. లక్షల మంది చేతులు, కాళ్లు, బతుకులు దక్కాయి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే మెతోట్రెక్సేట్ వచ్చింది. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ మందు తర్వాత సోరియాసిస్‌కూ పనికొస్తుందని తేలింది. నేటికీ పేదవాడికి అందుబాటులో ఉన్న మంచి మందుల్లో అదొకటి. కానీ సోరియాసిస్‌కు దాన్ని వారానికి ఒక్కరోజే మింగాలి. చీటీలో "ఆదివారం మాత్రమే" అని రాయకపోతే, రోగి రోజూ మింగితే, నోరు పుండై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మనవాడు చేతికిచ్చిన మందు మనవాళ్ల ప్రాణం తీయకూడదంటే ఆ ఒక్క మాట ప్రతి చీటీలో ఉండాలి. ఆ అలవాటును డాక్టర్లకు మళ్లీ మళ్లీ గుర్తుచేయాలి.

మళ్లీ కుష్ఠు సంగతికొస్తే, అది పోయిందనుకోకండి! 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో నిర్మూలన లక్ష్యం చేరామన్నారు. పదివేల మందికి ఒక్కరి కన్నా తక్కువ అని దాని అర్థం, అసలు లేదని కాదు. ఇప్పటికీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠురోగుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు, ఏటా లక్ష మంది చొప్పున. పాలిపోయిన, స్పర్శ లేని మచ్చను శోభి అనుకునో, తామర అనుకునో ట్యూబు రాసేస్తే, రోగం ముదిరి చేతివేళ్లు కొంకర్లు పోవచ్చు. ఒక దూది పోగుతో తాకి చూడటానికి, మోచేతి నరం వాచిందేమో తడిమి చూడటానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం గుర్తుండాలంటే చదువు కొనసాగాలి.

■ సదస్సుల్లో ఏం నేర్పుతున్నారు? ఎవరి డబ్బుతో?

రూలు ఉంది. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్య (సీఎంఈ) కార్యక్రమాల్లో పాల్గొనాలి. లెక్క వేయండి: ఏడాదికి ఆరు గంటలు, నెలకు అరగంట! ఆ అరగంట కూడా ఎలా గడుస్తోంది? పొద్దున సంతకం, సంచీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. ఏం నేర్చుకున్నారని అడిగే నాథుడు లేడు.

పెద్ద హాల్లో బోటాక్స్, ఫిల్లర్లు, లేజర్లు, జుట్టు నాట్లు. అక్కడ నిలబడ్డానికి చోటుండదు. చిన్న గదిలో కుష్ఠు, తామర, గజ్జి. అక్కడ కుర్చీలు ఖాళీ. అందానికి వైద్యం చేయడం తప్పని మేమనడం లేదు. కానీ రోజూ ఓపీలో బారులు తీరే రోగం ఏదో, దానికి వేదిక మీద చోటెంతో సదస్సులు జరిపేవాళ్లే చెప్పాలి.

డబ్బు సంగతి చూద్దాం. డాక్టర్లు మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే నియమావళిలో చేర్చారు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, కంపెనీల సొమ్ముతో జరిగే సెమినార్లకు డాక్టర్లు దూరంగా ఉండాలని కొత్త నియమావళి తెచ్చింది. అదే నెలలో దాన్ని పక్కన పెట్టింది! మిశ్రమ క్రీము అమ్మేవాడి ఖర్చుతో జరిగే సభలో మిశ్రమ క్రీము వద్దని ఎవరు గట్టిగా చెబుతారు? చెప్పే ధైర్యవంతులు ఉన్నారు, వారికి మా నమస్కారం. కానీ రోగి బతుకు కొందరి ధైర్యం మీద ఆధారపడకూడదు.

■ మా డిమాండ్లు

చర్మవైద్యులకు:

1. అనుమానం ఉన్న ప్రతి మచ్చనూ గీకి చూడండి. మొద్దు బ్లేడుతో మచ్చ అంచున మెల్లగా గీకితే తెల్లటి పొట్టు గాజుపలక మీద రాలుతుంది. దాని మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక్క చుక్క, పైన పల్చటి గాజురేకు, కాస్త వెచ్చదనం. పావుగంటలో చర్మకణాలు కరిగి, కొమ్మలుగా చీలిన పోగులు మైక్రోస్కోపులో తేలతాయి. అదే ఫంగస్. కారుచౌకైన పరీక్ష. ఇది తెలియని చర్మవైద్యుడు లేడు, చేసేవారే తగ్గిపోయారు.

2. ఇట్రాకొనజోల్ గుళికలతో పాటు అలవాటుగా గ్యాస్ బిళ్ల రాయకండి. ఆ గుళిక ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, భోజనంతో వేసుకోవాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి అది పనికిరాదు, కొలెస్ట్రాల్ బిళ్లలు కొన్నింటితో పొసగదు. రాసేముందు అడగండి.

3. పూతమందు ఎంత పూయాలో చూపించండి. చూపుడువేలి కొస కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. "రెండు పూటలా రాయండి" అంటే చాలదు.

4. మీ ఊరి పీహెచ్‌సీ డాక్టర్లను, ఏఎన్ఎంలను, ఆశా కార్యకర్తలను నెలకొకసారి కూర్చోబెట్టి తెలుగులో, మన ఒంటిరంగు ఫోటోలతో పాఠం చెప్పండి. అక్కి లేచిన మనిషి జాజు పూయించుకుని వారం తర్వాత వస్తే వైరస్ మందుకు అదను దాటిపోతుంది, 72 గంటల్లో మొదలుపెట్టాలి. ఆ కబురు ముందుగా ఊరికి చేర్చేది ఆశా అక్కే.

వైద్య మండళ్లకు:

5. సీఎంఈ క్రెడిట్ సంతకానికి కాదు, నేర్చుకున్నదానికి ఇవ్వండి. ప్రతి కార్యక్రమం చివర చిన్న పరీక్ష పెట్టండి.

6. చర్మవైద్యుల 30 గంటల్లో కొంత భాగాన్ని మొండి తామర, కుష్ఠు, గజ్జి, మందుల దుష్ఫలితాలకు తప్పనిసరి చేయండి.

7. ప్రతి సదస్సుకూ డబ్బెవరిచ్చారో ఆహ్వానపత్రం మీదే అచ్చు వేయించండి.

ప్రభుత్వాలకు:

8. ప్రతి బోధనాసుపత్రిలో ఫంగస్‌ను పెంచి, ఏ మందుకు లొంగుతుందో తేల్చే ల్యాబు పెట్టండి. ఆ ఫలితాలను జిల్లాల డాక్టర్లకు క్రమం తప్పక పంపండి.

9. షెడ్యూల్ హెచ్‌ను కౌంటరు దగ్గర అమలు చేయండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల ఖాళీలు నింపండి.

10. పూర్తి కోర్సుకు సరిపడా ఫంగస్ మందులు పీహెచ్‌సీలకు ఇవ్వండి. వారానికి సరిపడా బిళ్లలిచ్చి పంపితే మొండితనం పెంచినట్టే.

మందుల షాపుల సోదరులకు:

11. చీటీ లేని స్టెరాయిడ్ ట్యూబు ఇవ్వకండి. మీరు ఇవ్వకపోతే పక్క షాపువాడు ఇస్తాడనకండి. వీధిలో షాపులన్నీ కలిసి ఒక మాట అనుకోండి.

■ ప్రజలారా, డాక్టరును ఇవి అడగండి!

అడగడం అమర్యాద కాదు, మీ హక్కు.

• డాక్టరు గారూ, ఈ ట్యూబులో స్టెరాయిడ్ ఉందా?
• మచ్చ గీకి పరీక్ష చేస్తారా?
• దురద తగ్గాక కూడా ఎన్ని వారాలు వాడాలి?
• ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరం కలిసే వాడాలా?
• ఈ బిళ్ల రోజూనా, వారానికి ఒక్కసారా? చీటీలో రాసిస్తారా?

మీ వంతుగా తువ్వాలు, లోదుస్తులు, దుప్పట్లు ఎవరివి వారే వాడండి. బట్టలు ఉతికి ఎండలో తిరగేసి ఆరేయండి. స్నానం తర్వాత సందులు పొడిగా తుడుచుకోండి. ఏళ్ల తరబడి వాడుతున్న ముఖం క్రీమును మీకు మీరుగా ఒక్కసారిగా మానకండి, డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించండి. ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ ఒక సంచీలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. మీ రోగం కథ ఆ సంచీయే సగం చెబుతుంది. ఈ కరపత్రం కూడా అందులోనే పెట్టుకోండి.

డాక్టర్లూ, ఈ కాగితం మీకు వ్యతిరేకంగా వేసింది కాదు. చదివే డాక్టరు వెనక మేముంటాం. కంపెనీ ప్రతినిధిని గది బయట కూర్చోబెట్టి రోగి మచ్చను గీకి చూసే డాక్టరు కోసం గంటసేపు క్యూలో నిలబడతాం. నెలకు అరగంట మీరు చదవండి. దాన్ని మండలి లెక్కలో రాయకపోయినా మేం గుర్తుపెట్టుకుంటాం.

చీటీ లేని స్టెరాయిడ్ అమ్మకం - ఆపాలి, ఆపాలి!
సంతకం సీఎంఈలు వద్దు - నేర్పే సీఎంఈలు కావాలి!
కంపెనీ సొమ్ముతో పాఠాలు వద్దు - రోగి కోసం పాఠాలు కావాలి!
గీకి చూడు - తాకి చూడు - ఆపై చీటీ రాయి!

ఇట్లు,
తామరతో విసిగిన రోగులు, చదువు మానని చర్మవైద్యులు

(చదివాక పారేయకండి. పక్కింటివారికి ఇవ్వండి, మందుల షాపు గోడకు అంటించండి.)